ఉన్నత సాంకేతికతకు కొలమానమేది? – బాపట్ల వరి వంగడాల చరిత్ర నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
‘ఉన్నత సాంకేతికత’ అనగానే విమానాలు, కంప్యూటర్లు, ఔషధాలు, క్షిపణులు గుర్తుకు రావడం సహజం. ఈ భావన వెనుక పరిశోధన వ్యయాన్ని ఆధారం చేసుకున్న ఒక అంతర్జాతీయ వర్గీకరణ ఉంది. ఆ వర్గీకరణలో వ్యవసాయానిది అట్టడుగు స్థానం. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి (బీపీటీ 5204) వంగడం చరిత్రను, దాని ఆధారంగా తరువాతి కాలంలో జరిగిన జన్యుపరిశోధనను ముందుంచుకొని ఈ కొలమానం ఏ విషయాలను లెక్కిస్తున్నదో, వేటిని విడిచిపెడుతున్నదో ఈ వ్యాసం చర్చిస్తుంది. వంగడాల పేర్లను భాషాచరిత్రకు ఆధారాలుగా పరిశీలించడం ఇందులో మరొక అంశం.

కీలకపదాలు: ఉన్నత సాంకేతికత, సాంబ మసూరి, బాపట్ల, కృష్ణా పశ్చిమ డెల్టా, వంగడాల పేర్లు, పరిశ్రమల వర్గీకరణ.

1. ఉపోద్ఘాతం

బాపట్ల పట్టణానికి ఇంచుమించు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో సూర్యలంక ఉంది. అక్కడి వైమానికదళ కేంద్రంలో ఉపరితలం నుంచి గగనతలంలోకి ప్రయోగించే క్షిపణులను పరీక్షిస్తారు. పట్టణంలోనే వ్యవసాయ కళాశాల, వరి పరిశోధన కేంద్రం ఉన్నాయి. మొదటిచోట జరిగే పనిని ఎవరైనా ఉన్నత సాంకేతికత అంటారు. రెండవచోట జరిగే పనిని ‘వ్యవసాయం’ అని ఊరుకుంటారు. తరగతిలో విద్యార్థులను ఉన్నత సాంకేతికతకు మన ప్రాంతం నుంచి ఒక ఉదాహరణ చెప్పమని అడిగితే సూర్యలంక పేరు చెప్పినవారున్నారు, హైదరాబాదుకు వెళ్లి ఆగినవారున్నారు. ఆ మధ్యాహ్నం తాము తిన్న అన్నాన్ని ఉదాహరణగా చెప్పినవారు ఒక్కరూ లేరు.

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల నడుమ విస్తరించిన ప్రాంతం కృష్ణా పశ్చిమ డెల్టాలో భాగం. నగరం మండలం ఈ డెల్టా చివరి భూముల్లో ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు బాపట్ల, రేపల్లె, నగరం కొత్త బాపట్ల జిల్లాలోకి వచ్చాయి, తెనాలి గుంటూరు జిల్లాలో మిగిలింది. పాలనాపరమైన హద్దులు మారినా ఈ ప్రాంతాన్ని కలిపి ఉంచేవి కాలువ నీరు, వరి. ఈ వరి వెనుక ఉన్న విజ్ఞానాన్ని ఏ వర్గంలో చేర్చాలనే ప్రశ్న కేవలం నిర్వచనానికి సంబంధించినది కాదు. ఏ పని ‘ఉన్నతం’ అనిపించుకుంటుందో దానికే నిధులు, భూములు, రాయితీలు చేరతాయి. చదువుకున్న పిల్లల ఆశలు కూడా అటే మళ్లుతాయి.

2. ‘సాంకేతికం’, ‘హైటెక్’: పదాల ప్రయాణం

‘సాంకేతికం’ అన్న మాటకు మూలం ‘సంకేతం’. సంకేతమంటే నలుగురూ ఒప్పుకొని ఏర్పరచుకున్న గుర్తు. ఒక శాస్త్రానికి చెందినవారు తమలో తాము ఒప్పుకొని వాడే పదం సాంకేతిక పదం. ఆధునిక తెలుగులో ‘టెక్నికల్’ అన్న మాటకు ఇది సమానార్థకంగా స్థిరపడి, ఆపైన సాంకేతిక విద్య, సాంకేతిక పరిజ్ఞానం, సాంకేతికత అనే రూపాలు వాడుకలోకి వచ్చాయి. మాట మూలంలో యంత్రం లేదు, ఒప్పందం ఉంది. ఏది సాంకేతికమో, అందులో ఏది ఉన్నతమో నిర్ణయించడంలో కూడా ఒక ఒప్పందం దాగి ఉందని ఈ వ్యుత్పత్తి గుర్తుచేస్తుంది.

‘హైటెక్’ అన్న మాట తెలుగు ప్రజల నిత్యవ్యవహారంలోకి 1990లలో బలంగా వచ్చింది. ఆర్టీసీ నడిపిన హైటెక్ బస్సుల ద్వారా ఈ మాట ఊరూరా పరిచయమైంది. 1998 నవంబరులో నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి హైదరాబాదులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించడంతో ‘హైటెక్ సిటీ’ ఒక ప్రాంతనామమైంది. నిజానికి ఆ పేరులోని ‘హైటెక్’ హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ అన్న ఆంగ్లపదాల ఆద్యక్షరాల కూర్పు. జనం మాత్రం దాన్ని ‘ఉన్నత సాంకేతికత గల నగరం’ అన్న అర్థంలోనే గ్రహించారు. ఆ తర్వాత పత్రికలు హైటెక్ మోసం, హైటెక్ కాపీయింగ్ వంటి సమాసాలను సృష్టించాయి. బస్సు మొదలుకొని మోసం దాకా దేనికైనా విశేషణమైన ఈ మాట నాగలికీ నారుమడికీ మాత్రం అతకలేదు. పట్టణం, విద్యుత్తు, తెర, మీట – వీటిలో ఏదో ఒకటి లేనిదే హైటెక్ కాదన్న భావన భాషలో స్థిరపడింది.

3. పరిశ్రమల వర్గీకరణ – దాని తర్కం

ఈ భావనకు ఆర్థికశాస్త్రంలో ఒక లెక్క ఉంది. ఓఈసీడీగా ప్రసిద్ధమైన ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 1980లలో పరిశ్రమలను సాంకేతిక స్థాయిని బట్టి వర్గీకరించింది. ఒక పరిశ్రమ తన ఉత్పత్తి విలువలో ఎంత భాగాన్ని పరిశోధన, అభివృద్ధి కార్యక్రమాలపై ఖర్చు చేస్తుందన్నది ఇక్కడ కొలమానం. మొదట ఉన్నత, మధ్యమ, అల్ప అనే మూడు వర్గాలుండేవి. 1997 నాటి సవరణలో ఇవి నాలుగయ్యాయి. విమాన, అంతరిక్ష నౌకల తయారీ, కంప్యూటర్లు, కార్యాలయ యంత్రాలు, ఎలక్ట్రానిక్స్, సమాచార ప్రసార పరికరాలు, ఔషధాలు ఉన్నత వర్గంలో నిలిచాయి. తరువాత వైద్య, సూక్ష్మ, దృశ్య పరికరాలు అందులో చేరాయి. వస్త్రాలు, ఆహారపదార్థాలు, కలప, కాగితం అల్ప వర్గంలో ఉన్నాయి. 2016లో వచ్చిన కొత్త వర్గీకరణ వస్తూత్పత్తికే పరిమితం కాకుండా ఇతర రంగాలనూ చేర్చుకొని, అన్నిటినీ ఐదు వర్గాలుగా విభజించింది. సాఫ్ట్‌వేర్ ప్రచురణ, శాస్త్ర పరిశోధన సేవలు పై వర్గంలోకి వచ్చాయి. వ్యవసాయం, అటవీ, మత్స్య రంగాలు అట్టడుగు వర్గంలో చేరాయి.

ఈ వర్గీకరణను తప్పుపట్టే ముందు దాని ప్రయోజనాన్ని గుర్తించాలి. దేశాల మధ్య వాణిజ్యాన్ని పోల్చడానికి ఒక ఉమ్మడి కొలత అవసరం. లెక్కకు అందే అంకె కావాలంటే పరిశోధన వ్యయం కంటే అనువైనది దొరకడం కష్టం. అయితే ఇక్కడ లెక్కించేది ప్రధానంగా వ్యాపార సంస్థలు తాము పెట్టే పరిశోధన వ్యయాన్ని. ప్రభుత్వ పరిశోధన కేంద్రం ఖర్చు పెట్టి, ఫలితాన్ని విత్తనం రూపంలో రైతుకు అందించినప్పుడు ఆ వ్యయం రైతు ఖాతాలో కనిపించదు. బియ్యం మిల్లు ఖాతాలోనూ కనిపించదు. పరిశోధన ఒకచోట, దాని ఫలం మరొకచోట ఉండటం వల్ల ఫలం అనుభవించిన రంగం ‘అల్ప సాంకేతికత’గా నమోదవుతుంది. బాపట్ల చరిత్ర దీనికి చక్కని ఉదాహరణ.

4. ఆనకట్ట: ఒకనాటి ఉన్నత సాంకేతికత

ఏ కాలానికి ఆ కాలపు ఉన్నత సాంకేతికత ఉంటుంది. 1832–33 నాటి నందననామ సంవత్సరపు కరువు గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టింది. జనం ఆ కరువును ‘డొక్కల కరువు’గా గుర్తుపెట్టుకున్నారు. కృష్ణ పక్కనే ప్రవహిస్తున్నా పొలానికి నీరు ఎక్కించే దారి లేక జనం చనిపోయిన కాలమది. సర్ ఆర్థర్ కాటన్ గోదావరిపై సాధించిన ఫలితం చూశాక, విజయవాడ వద్ద కృష్ణానదిపై 1852–55 మధ్య ఆనకట్ట నిర్మాణం జరిగింది. కెప్టెన్ చార్లెస్ ఓర్ ఆ పనిని నడిపించాడు. కొమ్మమూరు కాలువ మొదలైనవి పశ్చిమ డెల్టాకు నీరు చేర్చాయి. ఆ ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది.

ఈ ఆనకట్ట ఇంజనీరింగులో ఒక విశేషం ఉంది. ఇసుక నేలపై పునాది వేసి నదికి అడ్డుకట్ట నిలబెట్టే విద్యను కావేరిపై ప్రాచీనులు నిర్మించిన కల్లణై వంటి కట్టడాల నుంచి తాము నేర్చుకున్నామని కాటన్ స్వయంగా అంగీకరించాడు. అంటే పందొమ్మిదవ శతాబ్దపు ఉన్నత సాంకేతికతగా మనం చెప్పుకొనే నిర్మాణానికి పునాది, అక్షరాలా పునాదే, అంతకుముందు శతాబ్దాల దేశీయ పనితనంలో ఉంది. ఉన్నతం, అల్పం అన్న విభజన కాలక్రమంలో ఎంత చంచలమైనదో చెప్పడానికి ఈ ఒక్క విషయం చాలు. నేడు కాలువ గట్టు మీద నడిచేవారెవరూ దాన్ని సాంకేతికతగా చూడరు. అది ప్రకృతిలో కలిసిపోయింది. బాగా పనిచేసే సాంకేతికతకు పట్టే గతి ఇదే కాబోలు, కొంతకాలానికి అది కనిపించకుండా పోతుంది.

5. బాపట్లలో సాంబ మసూరి

బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో ప్రారంభమైంది. అప్పటి మద్రాసు రాష్ట్రంలో కోయంబత్తూరు తర్వాత వచ్చిన రెండవ వ్యవసాయ కళాశాల ఇది. 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తరువాత ఇది అంతర్భాగమైంది. ఆ విశ్వవిద్యాలయానికి బాపట్లకు చేరువలోని నిడుబ్రోలులో జన్మించిన ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు.

వరి పరిశోధన కేంద్రంలో ఎం.వి. రెడ్డి, వారి సహచరులు రూపొందించిన బీపీటీ 5204 వంగడం 1986లో విడుదలైంది. దీని వంశవృక్షం ప్రత్యేకంగా పరిశీలించదగినది. జీఈబీ 24, టీఎన్ 1 అనే రెండు రకాలను సంకరం చేసి, వచ్చిన దానిని మసూరితో సంకరపరచగా ఇది పుట్టింది. జీఈబీ 24 కోయంబత్తూరు పరిశోధన కేంద్రం నుంచి 1921లో విడుదలైన రకం. కోనామణి అనే రకంలో సహజంగా తలెత్తిన మార్పును గుర్తించి దాన్ని వేరుచేశారు. ‘కిచ్చిలి సాంబ’గా పేరొందిన ఈ రకం గింజ నాణ్యతకు ప్రసిద్ధి. టీఎన్ 1 అంటే తైచుంగ్ నేటివ్ 1, తైవాన్‌లో 1956లో విడుదలైన పొట్టి రకం. ఎరువు వేస్తే ఏపుగా పెరిగి పడిపోయే పాత వరికి భిన్నంగా, నిలబడి గింజను మోసే పొట్టి కాండపు జన్యువు దీనిలో ఉంది. మసూరి చరిత్ర మరింత చిత్రమైనది. రెండవ ప్రపంచయుద్ధానంతరం ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో కటక్ కేంద్రంగా జపానికా, ఇండికా రకాల సంకరం సాగింది. ఆ పథకంలో భాగంగా తైచుంగ్ 65, మాయాంగ్ ఎబోస్ 80 అనే రకాల కలయిక నుంచి వచ్చి 1965లో మలేసియాలో విడుదలైనది మసూరి. లంకావి ద్వీపపు జానపద గాథలోని ఒక స్త్రీ పేరు దీనికి పెట్టారు.

ఈ విధంగా తమిళదేశం, తైవాన్, మలయా, వాటి వెనుక జపాన్ కలిసి బాపట్ల మడిలో ఒక్క గింజగా మారాయి. ‘మన బియ్యం’ అని తెలుగువారు గర్వంగా చెప్పుకొనే సాంబ మసూరి పుట్టుకలోనే ఒక దేశాంతర విజ్ఞాన బదిలీ ఉంది. సాంబ అన్న తొలిభాగం తమిళ వరి సంప్రదాయాన్ని, మసూరి అన్న మలిభాగం మలయా గాథను మోస్తున్నాయి. ఇదే సందర్భంలో ఒక పొరపాటును సవరించుకోవడం అవసరం. బజారులో సాంబ మసూరి, సోనా మసూరి అనే పేర్లను ఒకదానికొకటి వాడుతుంటారు. సోనా మసూరి కూడా బాపట్లలోనే రూపొందిన మరొక వంగడం, దాని సంఖ్య బీపీటీ 3291.

సంకరం చేయడంలోని పనితనాన్ని కూడా చెప్పుకోవాలి. వరి స్వపరాగ సంపర్కం జరుపుకొనే మొక్క. పువ్వు ఉదయం పూట కొద్దిసేపు మాత్రమే విచ్చుకుంటుంది. తల్లిగా ఎంచుకున్న మొక్క పువ్వు విచ్చుకోకముందే గింజ పొట్టు కొసను కత్తిరించి, లోపలి ఆరు పుప్పొడి తిత్తులను అండాశయానికి దెబ్బతగలకుండా తీసివేయాలి. తండ్రి మొక్క పుప్పొడిని దానిపై రాల్చి సంచితో కప్పాలి. అలా వచ్చిన కొద్దిపాటి గింజలతో మొదలుపెట్టి, తరతరానికీ వేల మొక్కలను పరిశీలించి, కావలసినవాటిని ఎంచుకుంటూ స్థిరమైన రకం తేలేదాకా ఏళ్లతరబడి సాగాలి. కంటిచూపు, చేతినేర్పు, లెక్క, జ్ఞాపకం – నాలుగూ కుదిరితేనే ఆ పని నెరవేరుతుంది. ఒక సూక్ష్మ పరికరం తయారుచేసే కర్మాగారంలో ఇంతకంటే ఎక్కువ నిశితత్వం ఏముంటుంది?

6. వంగడాల పేర్లు – భాషాచరిత్ర దృష్టి

అక్కుళ్లు, కృష్ణకాటుకలు, గరికసన్నాలు, మొలగొలుకులు – ఇవి పాత వరి రకాల పేర్లు. రంగు, రూపు, సన్నదనం ఈ పేర్లలో పలుకుతాయి. ఇవి రైతులు పెట్టుకున్నవి. హరితవిప్లవంతో పేర్ల స్థానంలో సంఖ్యలు వచ్చాయి. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ విడుదల చేసిన ఐఆర్ 8 మన పల్లెల్లో ‘ఐఆరెనిమిది’గా మారింది. మరుసటి సంవత్సరమే పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి ‘మిస్టర్ ఐఆర్ 8’గా పేరుపొందారు.

అయితే మన కేంద్రాల సంకేతాక్షరాలను గమనిస్తే సంఖ్యల వెనుక ఊళ్లు కనిపిస్తాయి. బీపీటీ అంటే బాపట్ల. ఎంటీయూ అంటే మార్టేరు. ఎన్ఎల్ఆర్ అంటే నెల్లూరు. జేజీఎల్ అంటే జగిత్యాల. ఆర్ఎన్ఆర్ అంటే రాజేంద్రనగర్. అమెరికాలో ఒక లోయకు అక్కడ తయారైన వస్తువు పేరు వచ్చి 1971 నుంచి ‘సిలికాన్ వ్యాలీ’ అన్న మాట వ్యాపించింది. ఇక్కడ దానికి విరుద్ధంగా వస్తువుకే ఊరి పేరు వచ్చింది. కర్ణాటకలోనో తమిళనాడులోనో బీపీటీ అడిగే వ్యాపారి తనకు తెలియకుండానే బాపట్ల పేరు పలుకుతున్నాడు.

శాస్త్రవేత్తలు సంఖ్యతో తృప్తిపడక మళ్లీ తెలుగు పేర్లూ పెట్టారు. మార్టేరు నుంచి స్వర్ణ, కాటన్ దొర సన్నాలు వచ్చాయి. బాపట్ల నుంచి భావపురి సన్నాలు వచ్చింది. భావనారాయణస్వామి పేరుమీద బాపట్లకున్న పాతపేరు భావపురి. వంద సంవత్సరాలకు పైగా డెల్టా రైతుల మన్ననలందుకున్న ఆనకట్ట ఇంజనీరు పేరు ఒక సన్నబియ్యపు రకానికి రావడం, రెండు వేర్వేరు కాలాల ఉన్నత సాంకేతికతలను భాష ఒక్క పేరులో ముడివేయడమే.

7. మడి నుంచి జన్యువు దాకా

సాంబ మసూరి గింజ సన్నదనం, వండినప్పటి రుచి రైతుకు మంచి ధర తెచ్చాయి. లోపాలూ లేకపోలేదు. పంటకాలం దాదాపు 145 నుంచి 150 రోజులు. బ్యాక్టీరియా ఎండాకు తెగులు, అగ్గితెగులు దీనికి త్వరగా సోకుతాయి. అయినా రైతులు దాన్ని వదలలేదు. అందుచేత శాస్త్రవేత్తలు వంగడాన్ని మార్చడానికి బదులు ఆ వంగడంలోని లోపాలను సవరించే దారి పట్టారు.

హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలకాలయం కలిసి ఎండాకు తెగులును తట్టుకొనే ఎక్స్‌ఏ 21, ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5 అనే మూడు జన్యువులను సాంబ మసూరిలోకి తెచ్చాయి. ఇది జన్యుమార్పిడి పంట కాదు. సంప్రదాయ సంకరమే. అయితే ప్రతి తరంలో ఏ మొక్కలో ఆ జన్యువులున్నాయో డీఎన్ఏ గుర్తుల సాయంతో ప్రయోగశాలలో తేల్చుకున్నారు. ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’ పేరుతో అది 2008లో విడుదలైంది. మరోవైపు ఒడిశాకు చెందిన ముంపు తట్టుకొనే ఎఫ్ఆర్ 13ఏ రకం నుంచి గుర్తించిన సబ్ 1 జన్యువును అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ మార్టేరు స్వర్ణలోనూ, బాపట్ల సాంబ మసూరిలోనూ ప్రవేశపెట్టింది.

2022 మార్చిలో భారత ప్రభుత్వం బయటి జన్యువులు లేని కొన్ని రకాల జన్యుసవరణ మొక్కలను కఠిన నియంత్రణల నుంచి మినహాయించింది. 2025 మే 4న దేశపు తొలి జన్యుసవరణ వరి రకాలు రెండింటిని కేంద్ర వ్యవసాయ మంత్రి ప్రకటించారు. ఒకటి హైదరాబాదులోని భారతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించిన డీఆర్ఆర్ ధాన్ 100, మరోపేరు కమల. దీనికి ఆధారం సాంబ మసూరి. రెండవది ఢిల్లీలోని సంస్థ రూపొందించిన పూసా డీఎస్‌టీ రైస్ 1. దీనికి ఆధారం ఎంటీయూ 1010, అంటే కాటన్ దొర సన్నాలు. దేశం ముందు నిలిపిన రెండు అత్యాధునిక వరి రకాలకూ తెలుగు నేలలోని రెండు చిన్న ఊళ్ల వంగడాలే పునాది. ఈ విషయం మన పత్రికల్లో రావలసినంతగా రాలేదు.

కమల మూలరకం కంటే ఇంచుమించు ఇరవై రోజులు ముందుగా కోతకు వస్తుందని దాన్ని రూపొందించినవారు ప్రకటించారు. నగరం, రేపల్లె ప్రాంతాలకు ఈ ఇరవై రోజుల విలువ ఏమిటో అంకెలతో చెప్పనక్కరలేదు. కాలువ చివరి భూములకు నీరు ఆలస్యంగా అందుతుంది. నాటు ఆలస్యమైతే కోత నవంబరు చివరికో డిసెంబరుకో జరుగుతుంది. బంగాళాఖాతంలో తుపానుల కాలమూ అదే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఈ తీరం మరచిపోలేని తేదీ. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. పండిన పంట నీటిలో ఒరిగిపోయి, పనలు నానిపోయి, గింజ మొలకెత్తడం చూసిన రైతుకు పంటకాలంలో ఇరవై రోజుల తగ్గుదల అంటే ఏడాది కష్టం ఇంటికి చేరడం. ఆ మాట పొలంలో ఎంతవరకు నిజమవుతుందన్నది ఇంకా తేలవలసిన విషయమే. పరీక్షల సమాచారంపై కొందరు ప్రశ్నలు లేవనెత్తారు. జన్యుసవరణ విధానానికి సంబంధించిన మూల పేటెంట్లు విదేశీ సంస్థల చేతుల్లో ఉండటం మరొక చర్చ. ఈ ప్రశ్నలకు సమాధానం వచ్చేదాకా తొందరపాటు ప్రశంస శాస్త్రానికి మేలు చేయదు.

8. లెక్కకు రానివి

పై చరిత్రను మూడవ భాగంలోని వర్గీకరణతో పోల్చినప్పుడు మూడు విషయాలు స్పష్టమవుతాయి.

మొదటిది, ప్రజాధనంతో జరిగే పరిశోధన. బాపట్ల పరిశోధనకు ఖర్చు పెట్టింది ప్రభుత్వం. విత్తనం రైతు నుంచి రైతుకు చేతులు మారుతూ పోయింది. ప్రతి గింజకూ రుసుము వసూలు చేసి ఉంటే ఇదొక పెద్ద సంస్థ అయి, దాని ఖాతాల్లో పరిశోధన వ్యయం కనిపించి, ఉన్నత సాంకేతికతగా గుర్తింపు పొందేదేమో. అందరికీ పంచిపెట్టడం వల్ల అది ‘అల్పం’ అయింది.

రెండవది, ప్రయోగశాల లేని ఆవిష్కరణ. కృష్ణా డెల్టా రైతులు వరి కోతకు రెండుమూడు రోజుల ముందు మాగాణిలో మినుములు చల్లుతారు. మిగిలిన తేమతోనే, దుక్కి లేకుండా, మరో తడి అవసరం లేకుండా రెండవ పంట వస్తుంది. నేలలో తేమ ఎప్పుడు సరిగ్గా ఉంటుంది, కోత కూలీల తొక్కిడికి గింజ ఎంత నొక్కుకుపోతుంది అన్నది తరాల పరిశీలనతో తేలిన విషయం. దీనికి పరిశోధన వ్యయం సున్నా. కొలమానం ప్రకారం సాంకేతికతా సున్నాయే.

మూడవది, ఒక రంగంలోకి మరొక రంగం చొచ్చుకువచ్చే తీరు. రేపల్లె, నిజాంపట్నం ప్రాంతాల్లో విస్తరించిన రొయ్యల సాగును చూడవచ్చు. 1990ల మధ్యలో తెల్లమచ్చల వ్యాధి టైగర్ రొయ్యను దెబ్బతీసింది. 2009లో వెనామీ రకానికి అనుమతి వచ్చాక, నిర్దిష్ట వ్యాధులు లేవని నిర్ధారించిన తల్లి రొయ్యలను విదేశాల నుంచి తెచ్చి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి, పరీక్షించి, ఆ తర్వాతే హేచరీలకు పంపుతున్నారు. చెరువు గట్టుమీది రైతు పీసీఆర్ పరీక్ష గురించి మాట్లాడుతున్నాడు. అయినా గణాంకాల్లో ఇది చేపల పెంపకమే, అట్టడుగు వర్గమే.

9. ప్రతివాదం

ఈ వాదానికి ఎదురయ్యే అభ్యంతరాలను పక్కన పెట్టరాదు. అన్నిటినీ ఉన్నతమంటే ఉన్నతమన్న మాటకు అర్థమే పోతుందన్నది మొదటి అభ్యంతరం. ఇది సమంజసమే. వరిసాగు అంతా ఉన్నత సాంకేతికత అనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఒక వస్తువు వెనుక పేరుకున్న విజ్ఞానం ఎంత, దాన్ని సాధించడానికి కావలసిన నిశితత్వం ఎంత, అది ఎంతమంది బతుకును మార్చింది అన్న ప్రశ్నలను కూడా వ్యయంతో పాటు అడగాలన్నదే ప్రతిపాదన.

‘ఉన్నతం’ అయినంత మాత్రాన మేలు జరుగుతుందా అన్నది రెండవది. జరగదు. ఒకే వంగడం వేలాది ఎకరాల్లో పరుచుకోవడం వల్ల పాత రకాలు కనుమరుగయ్యాయి. అక్కుళ్లు, కృష్ణకాటుకలు నేడు అక్కడక్కడ విత్తన సంరక్షకుల దగ్గర మిగిలాయి. రొయ్యల చెరువుల ఉప్పునీరు పక్క మాగాణిలోకి ఊరడం తీరప్రాంత రైతులకు తెలిసిన బాధ. తీరప్రాంత ఆక్వా సాగుపై సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే కఠినమైన తీర్పు ఇవ్వవలసి వచ్చింది. ‘ఉన్నతం’ అనేది స్థాయిని తెలిపే మాటే తప్ప మంచిచెడులను నిర్ణయించే మాట కాదు. ఈ తేడాను మరచిపోవడం వల్లనే హైటెక్ అన్న బిరుదు తగిలించిన ప్రతిదానికీ ప్రశ్నించకుండా దారి ఇస్తున్నాం.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. ఉన్నత సాంకేతికత అన్నది వస్తువులో సహజంగా ఉండే గుణం కాదు, ఒక కాలపు సమాజం ఒప్పుకున్న సంకేతం. ప్రస్తుత అంతర్జాతీయ కొలమానం వ్యాపార సంస్థల పరిశోధన వ్యయాన్ని కొలుస్తుంది కనుక, ప్రజాధనంతో సాగి ఉచితంగా పంపిణీ అయిన విజ్ఞానం దానికి అందదు. బాపట్ల సాంబ మసూరి దేశాంతర జన్యువనరుల కలయికగా పుట్టి, డీఎన్ఏ గుర్తుల ఎంపిక నుంచి జన్యుసవరణ దాకా ప్రతి దశలోనూ శాస్త్రానికి ఆధారంగా నిలిచింది. వంగడాల పేర్లు ఈ చరిత్రను భద్రపరచిన భాషాసాక్ష్యాలు.

తెలుగు పరిశోధకులకు ఇక్కడ ఒక పని ఉంది. వంగడాల పేర్లు, వాటి చుట్టూ అల్లుకున్న సామెతలు, నారుమడి నుంచి మిల్లు దాకా వాడే వృత్తిపదాలు ఇంకా వాడుకలో ఉన్నాయి. వాటిని తెలిసినవారు వృద్ధులవుతున్నారు. శాస్త్రవేత్తలు విత్తనాలను చల్లని గదుల్లో భద్రపరుస్తున్నారు. పేర్లను భద్రపరచే బాధ్యత మనది. ఆ పదకోశం సిద్ధమైన రోజున, ఉన్నత సాంకేతికతకు మన ఊరి నుంచి ఉదాహరణ చెప్పమన్నప్పుడు, డెల్టా పిల్లలు హైదరాబాదు దాకా వెళ్లవలసిన అవసరం ఉండదు.